శాలువా ఉడకదు

మా ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా శాలువాలు ఉండేవి. అన్నీ మా ఆయనకు కప్పినవే. ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఊదారంగువీ ఆకుపచ్చవీ, జరీ అంచులవీ, చూడటానికి గొప్పగానే ఉండేవి గానీ ఆ గుడ్డ దేనికీ పనికిరాదు. చలికి ఆగదు. చెమట పీల్చదు. మసిగుడ్డగా వాడదామంటే చేతిలో జారి గిన్నె కింద పడుతుంది. బొంత కుట్టి చూశాను. ఒక్క ఉతుక్కే జరీ పోగులు లేచి పిల్లల ఒంటికి గీరుకున్నాయి. చివరికి బియ్యం డబ్బాల మీద దుమ్ము పడకుండా కప్పాను. బియ్యం మీద కప్పడానికి బాగానే ఉన్నాయి. బియ్యం తేవడానికే పనికిరాలేదు.

ఒక సంగతి నేను అప్పుడే గమనించాను. ఆయనకు చేతినిండా పని ఉన్నన్నాళ్ళూ ఎవరూ శాలువా కప్పలేదు. కాంట్రాక్టరు వచ్చి తాంబూలంలో బయానా పెట్టి, ఫలానా రోజు ఫలానా ఊళ్ళో అని చెప్పి వెళ్ళేవాడు. నాటకాలు తగ్గిపోయి, ఇంట్లో హార్మోనియం పెట్టె మీద బట్టలు మడతపెట్టడం మొదలయ్యాకే సన్మానాలు వచ్చాయి. పని ఇవ్వలేనివాళ్ళు శాలువా ఇస్తారు.

నాకు చదువు మూడో తరగతితో ఆగింది. దేశానికి ఆదాయం ఎక్కడెక్కడి నుంచి వస్తుందో పేపర్లో రాసే పెద్ద మాటలు నాకు తెలియవు. కానీ ఊళ్ళో ఒక నాటకం ఆడితే ఏమవుతుందో తెలుసు. మా గుంటూరు వైపు నాటకం ఉందంటే ఆ పొద్దున్నే చాకలి ఇంటికి రాజుగారి అంగరఖాలు ఇస్త్రీకి వెళ్ళేవి. తెరలు అద్దెకిచ్చేవాడు బండి కట్టేవాడు. రంగు వేసేవాడు, పెట్రోమాక్సు లైట్లవాడు, సోడాబండివాడు, సైకిళ్ళకు కాపలా కాసేవాడు, తెల్లవార్లూ మిరపకాయ బజ్జీలు వేసే ముసలమ్మ, వీళ్ళందరి పొయ్యిలూ మరునాడు వెలిగేవి. పక్కూరి నుంచి నాటకానికి వచ్చిన జనం పొద్దున్నే సంతలో గొడ్డలీ చాటా కొనుక్కుని మరీ పోయేవారు. నాటకాలు ఆగిపోయాక ఊరికి కళ తప్పిందని అందరూ అన్నారు. కళ సంగతి తర్వాత, బజ్జీల ముసలమ్మ పొయ్యి ఆరిపోయింది. అది నా కళ్ళతో చూశాను.

ఆయన పోయాక నేను కొడుకు దగ్గరికి దిల్లీ పక్కనున్న ఇందిరాపురం వచ్చేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అప్పటికింకా సగం టవర్లు ఇనప చువ్వలతో ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉండేవి. మాది ఎనిమిదో అంతస్తు. కరెంటు పోయినప్పుడల్లా లిఫ్టు ఆగిపోయేది. కరెంటు ఎప్పుడూ నేను కూరలకు కిందికి దిగినప్పుడే పోయేది. మావాడు నోయిడాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి కూడా వాడే కోశాధికారి.

ఆ ఏడు ఉగాదికి ముందు ఆదివారం సంఘంవాళ్ళు మా హాల్లోనే కూర్చున్నారు. సెక్రటరీ హైదరాబాదు అబ్బాయి, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, మాట కలుపుగోలు. నేను ఉప్మా పళ్ళేలు అందిస్తుంటే హుషారుగా చెప్పాడు.

"ఈసారి బుర్రకథ ఆంటీ. మనోళ్ళు ముగ్గురు దిల్లీలో మేళాకొచ్చిన్రు. మేళా ఒడిసింది, రైలుకు ఇంకా టైముంది. మనకు ఫ్రీగా దొరికిన్రు."

"ఫ్రీగా అంటే?"

"భోజనం పెడ్తం, మీ ఇంట్లనే ఉంటరు, శాలువా కప్పుతం, మెమెంటో ఇస్తం. వాళ్ళు కూడా ఖుష్."

"షామియానా వాడికి?"

"వానికి అడ్వాన్స్ ఇచ్చేసినం."

"మైకు వాడికి? కుర్చీల వాడికి? వీడియో తీసేవాడికి?"

"అరే, వీడియో భయ్యా అయితే ఒక్క రూపాయి తగ్గలే ఆంటీ. మస్తు సతాయించిండు."

"మరి మైకు వాడికి డబ్బులిచ్చి, మైకు ముందు పాడేవాళ్ళకు శాలువానా?"

అందరూ ఉప్మా పళ్ళేల్లోకి చూసుకున్నారు. మావాడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అది కళ. దానికి వెల కట్టడం బావుండదు."

"మీ నాన్న హార్మోనియం మెట్లు నొక్కిన డబ్బుతోనే నీ కాలేజీ ఫీజు కట్టాను. కాలేజీవాళ్ళు శాలువా పుచ్చుకుని నిన్ను చేర్చుకున్నారా?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా? కాఫీ ఉందా?"

ఉంది. తెచ్చి ఇచ్చాను. కాఫీ అడిగినంత మాత్రాన మాట మారిపోదు. సెక్రటరీ వెళ్తూ వెళ్తూ, "ఆంటీ, బడ్జెట్ అయిపోయింది, గుస్సా కావద్దు. పులిహోర మాత్రం మీదే," అన్నాడు. పులిహోరకు నేను కాదనను. ముఖర్జీ నగర్లో ఇరుకు గదుల్లో ఉండి కలెక్టరు చదువులు చదివే మన పిల్లలు, రెండు బస్సులు మారి ఆ పులిహోర కోసమే వస్తారు. వాళ్ళేం పాపం చేశారు?

మరునాడు సాయంత్రం బుర్రకథవాళ్ళు మా ఇంటికి వచ్చారు. కథ చెప్పేది ఒకావిడ, నలభై దాటిన మనిషి, గొంతు బొంగురు గానీ మాట ఖణీమని వస్తుంది. పక్కన గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆవిడ మొగుడు, మితభాషి. రెండో అతను మరిది. నవ్వించే వంత అతనిదే. కుదురుగా కూర్చోలేడు. చెప్పులు విప్పుతూనే మా మనవరాలితో హిందీలో ఏదో అన్నాడు. మామూలుగా ఇంటికి ఎవరొచ్చినా గదిలోంచి బయటికి రాని పిల్ల పకపకా నవ్వింది.

ఆ మర్నాడు పొద్దున నేను కూరలవాడితో బేరం ఆడుతుంటే మరిది నా వెనకే నిలబడి చూస్తున్నాడు. కొత్తిమీర కట్ట ఊరికే వేయనిదే సంచీ మూయనని నేనూ, "మాతాజీ, నా దుకాణం మీరే రాయించుకోండి" అని కూరలవాడూ. నేను కట్టతో పైకి వచ్చేశాను. అతను రాలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుతో కబుర్లలో పడ్డాడు.

వంటింట్లో నేను పులిహోరకు చింతపండు పిసుకుతుంటే, ఆవిడ పక్కన కూర్చుని ఈనెలు ఏరింది. చెప్పకపోయినా ఎట్లా ఏరాలో తెలిసిన మనిషి.

"మేళాలో ఏం ముట్టిందమ్మా?" అన్నాను.

"రైలు చార్జీ, రోజు బత్తెం అమ్మగారూ. వచ్చాం, తిన్నాం, ఫొటోలు దిగాం."

అంతలో మరిది లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, నాకు ఉజ్జోగం దొరికేట్టుంది."

"ఏం ఉజ్జోగం?"

"గార్డు. ఇక్కడే. పక్క టవరు కట్టడం అవగానే మనుషులు కావాలంట. డ్రస్సు వాళ్ళే ఇస్తారంట. నెలనెలా జీతం. పండక్కి మిఠాయి డబ్బా."

"తుపాకీ ఇస్తారా?"

"విజిలు ఇస్తారు."

"మహారాజుని నవ్వించే నోట్లో విజిలు పెట్టుకుంటావా?"

"ఆ మహారాజు నాకేం ఇచ్చాడు వదినా? రేపు వీళ్ళు శాలువాలు కప్పుతారంట. మా ఆవిడకు ఇంకో శాలువా చూపిస్తే దాన్నే నా మెడకు చుట్టి లాగుద్ది."

ఆవిడ నవ్వలేదు. ఏరిన ఈనెలను ఒక పక్కకు నెట్టింది. అతను నీళ్ళు తాగి వెళ్ళాక నాతో మెల్లగా అంది.

"ఆట కాదు అమ్మగారూ. పోయినేడు నించీ అంటానే ఉన్నాడు. ఈడు ఇక్కడ ఆగిపోతే మాకు ఇక కథ లేదు. బుర్రకథకు ముగ్గురుండాల. ఇద్దరితో చెపితే అది కథ కాదు, కబుర్లు."

"ఇంకొకర్ని పెట్టుకోవచ్చుగా?"

"గుమ్మెట కొట్టేవాణ్ణి పెట్టుకోవచ్చు. జనాన్ని చూసి, ఏడ నవ్వించాలో తెలిసేవాడు ఏడ దొరుకుతాడు? నేర్పినా రాదది."

చింతపండు గుజ్జు చేతినిండా ఉండగానే అడిగాను.

"మీ వైపు చదివింపులు ఇంకా ఉన్నాయా?"

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. మన వైపు నాటకంలోగానీ కథలోగానీ ఒక పద్యం నచ్చితే, ఒక మాట గుండెకు తగిలితే, జనంలోంచి లేచి వెళ్ళి స్టేజీ మీద డబ్బు ఇచ్చేవారు. ఇచ్చినవారి పేరూ ఊరూ ఆటగాళ్ళు అక్కడే గట్టిగా చదివేవారు. ఇచ్చినవాడికి గౌరవం, పుచ్చుకున్నవాడికి కూలి. మా ఆయన ఒక్కో రాత్రి కాంట్రాక్టు డబ్బుకంటే చదివింపులే ఎక్కువ తెచ్చేవారు.

"పల్లెల్లో అవే మా బతుకు," అంది ఆవిడ. "ఇక్కడ మాత్రం సెక్రటరీగారు ముందే చెప్పారు అమ్మగారూ. స్టేజీ మీద డబ్బు పట్టుకుంటే చీపుగా ఉంటదంట. పెద్ద ఆఫీసర్లు వస్తారంట."

గుజ్జు పొయ్యి మీద పెట్టాను.

ఉగాది సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ముందు వరసలో ఆఫీసర్లు, వెనక ముఖర్జీ నగర్ పిల్లలు, నడుమ మన సంసారాలు. చిన్నపిల్లలు మాత్రం బోర్ కొడుతోందని హిందీలో గునుస్తున్నారు. ఆవిడ తంబురా భుజాన వేసుకుని, బొటనవేలికి తాళం కొట్టే ఇత్తడి అందెలు తొడుక్కుని, ఎర్రచీర కాసెపోసి కట్టి ముందుకు వచ్చింది. ఒక దొర కోటను ఎదిరించిన పల్లెవీరుడి కథ ఎత్తుకుంది. వంటింట్లో ఈనెలు ఏరిన మనిషేనా అనిపించింది. అడుగు వేస్తే స్టేజీ చెక్కలు పలికాయి.

సగంలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. జనరేటరు అందుకునేలోపు మరిది చీకట్లోనే అందుకున్నాడు.

"చూశావా అన్నయ్యా, దొర కోటలో కూడా కరెంటు కట్టే. లిఫ్టులో ఇరుక్కున్నాడు దొర. గార్డు భయ్యా, దర్వాజా ఖోలో!"

గునుస్తున్న పిల్లలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. లైట్లు వచ్చేసరికి వాళ్ళు కుర్చీలు వదిలేసి స్టేజీ ముందు నేల మీద చేరారు. మా మనవరాలు అందరికంటే ముందు కూర్చుంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల, "తందాన తాన" అని వంత అందుకుంది.

కథ పాకాన పడింది. కోట తలుపులు మూసుకుపోతున్నాయి, వీరుడు ఇంకా బయటే ఉన్నాడు. సరిగ్గా అక్కడ ఆవిడ ఆపింది. మన వైపు చదివింపులకు ఆపే చోటు అదే. ఒంటికి అలవాటైన ఆట, నోరు కట్టేసినా కాలు ఆగింది. ఇక్కడ ఎవరూ లేవరని తెలిసి మళ్ళీ తంబురా ఎత్తబోయింది.

నేను లేచాను. కొంగుముడి విప్పుకుంటూ స్టేజీ మెట్లెక్కాను. కొత్త మిక్సీ కోసం దాచిన నోట్లు అవి. పాత మిక్సీ ఇంకా తిరుగుతూనే ఉంది, మూత నొక్కిపట్టుకోవాలి అంతే. ఆ నోట్లు మరిది చేతిలో పెట్టాను.

అతను వాటిని చూశాడు. పక్కన నిలబడ్డ సెక్రటరీని చూశాడు. సెక్రటరీ వద్దన్నట్టు కళ్ళతో చెబుతున్నాడు. మరిది వదిన వైపు తిరిగాడు. ఆవిడ తంబురా మీద ఒక్క దెబ్బ వేసింది. అంతే, అతని గొంతు లేచింది.

"విన్నావా అన్నయ్యా! ఎనిమిదో అంతస్తు నుంచి, లిఫ్టు ఆగినా తాను ఆగని పెద్దమ్మగారు, కూరలవాడికి సింహస్వప్నం, కొత్తిమీర ఊరికే వేయనిదే సంచీ మూయని తల్లి, మా కథకు మెచ్చి, తన కొంగుముడి విప్పి చదివించారూ..."

హాలంతా నవ్వు. నేనూ నవ్వాపుకుని దిగి వచ్చాను. నా తర్వాత బీ టవర్లోని ఒక రిటైరయిన పెద్దాయన లేచాడు. ఆయనది తెనాలి వైపు, చదివింపులు ఎరిగిన మనిషి. "బీ టవరు సింహం" అని చదివాడు మరిది. బీ టవరు పేరు మోగాక సీ టవరువాళ్ళు కూర్చోగలరా? ఇద్దరు లేచారు. 'ఏ' టవరు నుంచి ఇంకెవరూ రాలేదేమని మరిది నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు. వాళ్ళూ వచ్చారు. వెనక నుంచి ముఖర్జీ నగర్ కుర్రాడొకడు, బస్సుకు ఉంచుకున్నదే కాబోలు, నలిగిన చిన్న నోటు తెచ్చాడు. దానికి మరిది గుమ్మెట రెండుసార్లు మోగించి మరీ చదివాడు.

"కాబోయే కలెక్టరుగారు! వీరి సంతకం కోసం రేపు మనమంతా క్యూలో నిలబడాలి. ఇప్పుడే మొహం గుర్తుపెట్టుకోండి."

అన్నిటికంటే చివర సెక్రటరీగారి భార్య తన కొడుకు చేతికి నోటిచ్చి పంపింది. "సెక్రటరీగారి గడప నుంచి!" అని మరిది చదువుతుంటే, పాపం సెక్రటరీ పక్కనే నిలబడి తప్పక చేతులు జోడించాడు.

ఆ తర్వాత చెప్పిన సగం కథతో నేను మొదటి సగాన్ని పోల్చను. కూలి దొరికిన గొంతు వేరు. కోట తలుపులు వాళ్ళు ముగ్గురూ కలిసి బద్దలుకొట్టారు.

శాలువాలూ కప్పారనుకోండి. కొని తెచ్చినవాటిని వదులుతారా?

ఇంటికి వచ్చాక మావాడు చెప్పులు విసురుగా విడిచాడు. అతిథులు పక్క గదిలో సామాను సర్దుకుంటుంటే, గొంతు తగ్గించి అన్నాడు.

"నా పరువు తీశావమ్మా. అంతమంది ముందు వాళ్ళచేత చెయ్యి చాపించావు."

"చెయ్యి చాపింది నేను. ఇవ్వడానికి."

"అది అడుక్కోవడంలా ఉంటుంది. వాళ్ళకే అవమానం."

"నీకు ఒకటో తారీఖున బ్యాంకులో జీతం పడుతుంది. అది బిచ్చమా?"

"అది పని చేసినందుకు."

"వాళ్ళు చేసింది పని కాదా? చెమటతో చీర తడిసిపోయింది, చూడలేదూ?"

వాడు టీవీ పెట్టాడు. నాకు అదే కావలసింది. ఏదో సీరియల్ వస్తోంది, ఒక అత్తగారు కళ్ళు గుండ్రంగా తిప్పుతోంది.

"ఇది ఎక్కడ తీస్తారు?" అన్నాను.

"బొంబాయిలో. వార్తలైతే ఇక్కడ, మా ఆఫీసు పక్కనే స్టూడియోలు."

"ఆ అత్తగారు కళ్ళు తిప్పినందుకు జీతం. తిప్పమని రాసినవాడికి జీతం. కెమెరావాడికి జీతం. మధ్యలో సబ్బు అమ్మినవాడికి లాభం. దీన్ని పరిశ్రమ అంటారు, దేశానికి ఆదాయం అని నువ్వే పేపర్లో చదివి చెప్పావు. గాజు పెట్టెలో కథ చెపితే పరిశ్రమ, నేల మీద నిలబడి చెపితే సేవా? ఇద్దరూ చేసేది ఒకటే పనిరా. జనాన్ని ఒకచోట కూర్చోబెట్టడం. జనం కూర్చున్నచోట పది పొయ్యిలు వెలుగుతాయి. ఆ పది పొయ్యిలూ వెలిగించినవాడి పొయ్యిలోనే పిల్లి పడుకోవాలా?"

"నీతో వాదించలేనమ్మా."

"వాదించకు. లెక్కలు చూసేవాడివి, లెక్క చూడు."

వాడు ఒప్పుకోలేదు. రెండు పూటలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అన్నం మాత్రం తిన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒప్పుకోకపోయినా లెక్క మారదు.

బుర్రకథవాళ్ళు మరునాడు పొద్దున్నే బయల్దేరారు. దారిలోకి పులిహోర పొట్లం కట్టి ఇచ్చాను. ఆటో మాట్లాడటానికి నేనూ కిందికి దిగాను, లేకపోతే ఆ ఆటోవాడు వాళ్ళ చదివింపులన్నీ స్టేషను దాకానే చదివేస్తాడు. గేటు దగ్గర గార్డు మరిదిని చూసి నవ్వాడు.

"క్యా భయ్యా, ఎప్పటి నుంచి వస్తున్నావు? సూపర్‌వైజర్‌కి చెప్పాను."

వదిన ఆటోలో ఎక్కబోతూ ఆగింది. ఆవిడ మొగుడు గుమ్మెటల మూట ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. మరిది ఒక్క క్షణం గేటునీ, ఆ నీలం చొక్కానీ, మెళ్ళో వేలాడే విజిలునీ చూశాడు. ఆ తర్వాత సంచీలోంచి నిన్నటి శాలువా తీసి, రెండు చేతులా దులిపి, గార్డు భుజాల మీద కప్పాడు. స్టేజీ మీద సెక్రటరీ కప్పినట్టే, ఫొటోకు ఆగినట్టు ఒక్క నిమిషం ఆగి మరీ.

"ఈ ఏడాదికి నా జీతం ముట్టింది భయ్యా," అన్నాడు హిందీలో. "వచ్చే ఏడాది ముట్టకపోతే, శాలువా వెనక్కి ఇచ్చి విజిలు తీసుకుంటా."

వదిన అతని వీపు మీద ఒకటి చరిచి ఆటోలోకి తోసింది. ముగ్గురూ వెళ్ళారు.

మరుసటి ఏడాది ఉగాదికి ముందు సెక్రటరీ మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెట్టినం ఆంటీ, పెట్టినం. బడ్జెట్‌ల కథోళ్ళ పైసలే ఫస్ట్ రాసినం. మీ అబ్బాయే రాసిండు. షామియానా దాని తర్వాత."

మావాడు పేపరు చాటున ఉన్నాడు. తల ఎత్తలేదు.

"కానీ రేటు తెగుతలేదు," అన్నాడు సెక్రటరీ. "ఫోన్ చేస్తే ఆమె జర ఎక్కువ అడుగుతున్నది. మీరు బేరం మంచిగ ఆడుతరు గద. ఒకసారి మాట్లాడరాదా?"

ఫోను అందుకున్నాను. అటునుంచి ఆ బొంగురు గొంతు, వెనకాల మరిది ఎవరినో నవ్విస్తున్న చప్పుడు. ముగ్గురూ వస్తున్నారా అని అడిగాను. వస్తున్నామంది. ఎంత అడిగావు అన్నాను. చెప్పింది.

అంత దూరం నుంచి ముగ్గురు మనుషులు వచ్చి పాడటానికి అది తక్కువని చెప్పాను. సెక్రటరీ మొహం చూడకుండా బేరం మొదలుపెట్టాను, వాళ్ళ వైపు నుంచి.